హాలోవీన్‌కు స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నాను, కొన్ని సందేహాలు

అందరికీ నమస్కారం. నేను డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. ఈసారి హాలోవీన్‌కు న్యూజెర్సీలోని బెర్గెన్ కౌంటీకి రమ్మని నా అమెరికన్ స్నేహితురాలి తల్లిదండ్రులు ఎంతో ఆప్యాయంగా పిలిచారు. అక్టోబరు 31 శనివారం పండుగ. ఆ కౌంటీలో ఆదివారం బట్టల దుకాణాలు తెరవరు కాబట్టి శుక్రవారమే అక్కడి పరామస్ అనే ఊళ్లో షాపింగ్ పెట్టుకున్నారు.

నన్ను బాగా ఆలోచింపజేస్తున్నది ఏం తీసుకెళ్లాలన్నదే. వాళ్ల చిన్నబ్బాయికి వేరుశనగ, జీడిపప్పు, బాదం ఏవీ పడవు. అందుకే తినేవి కాని బహుమతులు కూడా ఉన్నాయనడానికి గుర్తుగా గుమ్మం ముందు నీలి ఆకుపచ్చ గుమ్మడికాయ పెట్టి, ఆ సాయంత్రం మిఠాయిల కోసం ఇంటింటికీ వచ్చే పిల్లలకు మిఠాయిలతో పాటు చిన్న బొమ్మలు కూడా ఇస్తారట. పప్పులేవీ వేయని బెల్లం పూతరేకులు తీసుకెళ్దామనుకుంటున్నాను. విమానంలో విరగకుండా తీసుకెళ్లినవారు ఎవరైనా ఉన్నారా? తయారుచేసే చోట పప్పుల పొడి తగలలేదని ఎలా తెలుసుకోవాలి? పిల్లవాడి విషయం కనుక ఏమాత్రం అనుమానమున్నా తీసుకెళ్లను.

నేను శాకాహారిని. హాలోవీన్‌కు పంచే క్యాండీ కార్న్ అనే మిఠాయిలో, నమిలే గమ్మీల్లో సాధారణంగా జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం) ఉంటుంది. పిల్లలు ప్రేమగా చేతిలో పెడితే నొప్పించకుండా ఎలా వద్దనాలి?

షాపింగ్‌లో ఆంటీ నాకూ ఏదైనా కొంటానంటున్నారు. న్యూజెర్సీలో మామూలు బట్టలకు అమ్మకపు పన్ను లేదు, డాలస్‌లో అయితే 8.25 శాతం. కోటు ఎలాగూ కొనుక్కోవాలి, కానీ నా డబ్బుతోనే కొనుక్కోవాలని ఉంది. వాళ్లు పట్టుబడితే కాదనడం మర్యాదేనా? ఇలాంటి కుటుంబాలతో గడిపినవారు దయచేసి చెప్పండి.