లారీ ఆపి సరుకు దింపించారు: పోలీసులకు అంత అధికారం ఉందా?

రాగి తుక్కు, విజయవాడ: ఆటోనగర్ నుంచి హైదరాబాదుకు రాగి తుక్కు పంపాను. దారిలో పోలీసులు ఆపి, దొంగ సరుకని అనుమానించి, టార్పాలిన్ విప్పించి మొత్తం దింపించారు. బండి మూడు రోజులుగా స్టేషన్ దగ్గరే ఉంది. వారెంటు అక్కర్లేదా? దింపిన హమాలీ ఖర్చు ఎవరిది? బండి ఎలా విడిపించాలి?

పది చక్రాలు: మూడు రోజులకేనా? నా బండి అయిదు నెలలు ఎండలో నిలబడింది. టైర్లు పగిలాయి, బ్యాటరీ పోయింది, ఫైనాన్సు వాయిదాలు మాత్రం ఆగలేదు. స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచవద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. వెంటనే మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయండి.

మిర్చి కిరాయిలు: ఈ-వే బిల్లు ఉంటే ఎవరూ ముట్టుకోలేరు. ఇరవై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను.

జూనియర్ వకీలు: తప్పు చెప్పకండి. అది పన్ను కాగితం. దొంగ సరుకుకూ బిల్లు పుట్టించవచ్చు. దొంగ సొత్తని అనుమానం ఉంటే నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 106 కింద వారెంటు లేకుండా స్వాధీనం చేసుకోవచ్చు, కానీ మేజిస్ట్రేటుకు వెంటనే తెలపాలి. దర్యాప్తులో వారెంటు లేకుండా సోదా చేయాలంటే 185 ప్రకారం కారణాలు ముందే రాయాలి. చట్టంలో ‘స్థలం’ అంటే వాహనం కూడా.

కంటెయినర్ డ్రైవర్: మందుల కంటెయినర్ సీలు తెంచారు. లోపల ఏమీ దొరకలేదు. సీలు లేదని అవతలివారు సరుకు దించుకోలేదు, నా కిరాయిలో కోత పెట్టారు. సీలు తెంచనివ్వకండి!

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్: ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు నాది. అడ్డుపడితే విధులకు ఆటంకం కేసు పడుతుంది. ఇలాంటి సలహాలతో డ్రైవర్లను జైలుకు పంపకండి.

కంటెయినర్ డ్రైవర్: మీ సర్వీసులో తెంచిన సీళ్లకు ఒక్కసారైనా కాగితం రాసిచ్చారా?

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్: రాశాను. పాత సీలు నంబరు, కొత్త సీలు నంబరు పంచనామాలో ఎక్కించాను. అందరినీ ఒకే గాటన కట్టకండి.

జూనియర్ వకీలు: 2024 జులై 1 నుంచి సోదా, స్వాధీనం వీడియో తీయాలి. సంహితలో సెక్షన్ 105 అదే చెబుతుంది. సీలు తెంచడమూ అందులో ఉండాలని అడగండి.

మిర్చి కిరాయిలు: రాత్రి రెండు గంటలకు హైవే మీద వీడియో అడిగే ధైర్యం ఎవరికుంది?

బోరు రైతు: మీ గోడు మీది. మా ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ ఎత్తుకెళ్లారు. తొమ్మిది రోజులు మోటార్లు ఆగాయి, పొట్ట మీదున్న వరి ఎండింది. ఆ రాగి ఏదో ఒక లారీలోనే వెళ్లింది కదా? ప్రతి తుక్కు బండినీ ఆపాలి.

రాగి తుక్కు, విజయవాడ: అన్నా, మీ నష్టం నాకు అర్థమవుతుంది. కొన్న ప్రతి కిలోకూ నా దగ్గర రశీదు ఉంది, అది చూశాక కూడా బండిని ఎందుకు వదలలేదన్నదే నా బాధ.

పది చక్రాలు: స్వాధీనం చేసిన వస్తువుల జాబితా నకలు ఇచ్చారా? బండి నంబరు, సరుకు బరువు అందులో ఉన్నాయా?

రాగి తుక్కు, విజయవాడ: ఇవ్వలేదు. రేపు ఉదయం అదే అడిగి, తర్వాత కోర్టుకు వెళ్తాను. హమాలీ సంగతి తెలిసినవారు చెప్పండి, పదకొండు మందికి నేనే కూలి ఇచ్చాను.