మూడు రోజులు క్యాంపస్, మూడు రోజులు ఇల్లు: భాష చెప్పే ఓపిక ఎందుకు పోతోంది?

గుంటూరు_ఇంగ్లిష్_మేడమ్:

అందరికీ నమస్తే. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఇంగ్లిష్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. సోమ, మంగళ, బుధవారాలు బీటెక్ ఫస్టియర్ వాళ్లకు క్యాంపస్‌లో క్లాసులు, ల్యాబ్. మిగతా మూడు రోజులు ఇంటి నుంచి: పగలు ఇంటర్న్‌షిప్పుల్లో ఉన్న ఫైనలియర్ వాళ్లు, సాయంత్రం ఆన్‌లైన్ ఎంబీఏ బ్యాచ్. మొదట్లో బస్సు ఎక్కే బాధ తప్పిందని సంతోషించాను. ఇప్పుడు గురువారం పొద్దున లాప్‌టాప్ తెరవాలంటేనే ప్రాణం ఉసూరుమంటోంది.

ఆన్‌లైన్‌లో జామ్ సెషన్ (జస్ట్ ఎ మినిట్, ఇచ్చిన టాపిక్ మీద ఒక్క నిమిషం ఆగకుండా మాట్లాడటం) పెడితే ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. తెరనిండా నల్ల గడులు. పేరు పిలవాలి, ఆగాలి, మళ్లీ పిలవాలి. 'మైక్ ప్రాబ్లం మేడమ్' అని చాట్‌లో వస్తుంది. మొన్న ఒకబ్బాయి బస్సులో నిలబడి జామ్ చెప్పాడు. టాపిక్ 'మై డ్రీమ్ జాబ్'. మధ్యలో కండక్టర్ వచ్చాడు. 'సారీ మేడమ్, వన్ మినిట్, చిల్లర' అని, టికెట్ తీసుకుని, వదిలిన వాక్యం దగ్గరే మళ్లీ అందుకున్నాడు. ఒకప్పుడైతే వాడి తెలివికి ముచ్చటపడి పది మందికి చెప్పుకునేదాన్ని. మొన్న నవ్వు కూడా రాలేదు. ఫ్లూయెన్సీ గడిలో 3 వేసి, తర్వాతి పేరు పిలిచాను.

అసైన్‌మెంట్లు సరే సరి. అందరి లెటర్లూ 'ఐ హోప్ దిస్ ఈమెయిల్ ఫైండ్స్ యూ వెల్' తోనే మొదలవుతాయి. ఎవరు రాశారో తెలియని ఇంగ్లిష్‌ని రాత్రి పదకొండింటికి కూర్చుని దిద్దుతున్నాను.

వీటన్నిటి మీద 'మేడమ్ ఇవాళ ఇంట్లోనే ఉన్నారుగా' అని వచ్చే పనులు వేరు. ఫెస్ట్‌కు యాంకరింగ్ స్క్రిప్టు, పేపర్లకు ప్రెస్ నోట్, ఆహ్వాన పత్రికలో కామాలు, 'జస్ట్ గ్రామర్ చూడండి' అంటూ న్యాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) రిపోర్టులో ఒక చాప్టర్.

దీన్నే బర్నవుట్ అంటారా, లేక నాకు బద్ధకం వచ్చిందా? సెలవు పెడితే తగ్గేదేనా? భాష చెప్పేవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_తెలుగు_సార్:

మేడమ్, నాది తెలుగు, అదీ గెస్ట్ ఫ్యాకల్టీని. మీకు ఆహ్వాన పత్రికలైతే మాకు సన్మాన పత్రాలు. రిటైరయ్యే ప్రతి ఒక్కరికీ ఒక సీస పద్యం రాసివ్వాలి, ఫ్రేము కట్టించే బాధ్యత కూడా ఒక్కోసారి మనదే.

ఆన్‌లైన్‌లో ఛందస్సు చెప్పి చూడండి ఒకసారి. మౌస్‌తో గురువులు, లఘువులు గీస్తుంటే నా చేతిరాత నాకే అర్థం కాదు. ల, ళ తేడా ఫోన్ మైకులో నాకు వినపడదు, నేను చెప్పింది వాళ్లకు వినపడదు. క్లాసులో అయితే మొహం చూస్తే తెలిసిపోతుంది, ఎక్కడ తప్పిపోయారో.

గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్‌కు 1,500, నెలకు గరిష్ఠంగా 50,000 అని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2019లో చెప్పింది. మాకు వచ్చేది దాని దరిదాపుల్లో లేదు. పైగా ఆన్‌లైన్ పీరియడ్‌కు సంతకం ఎక్కడ పెట్టాలో తెలియదంటూ బిల్లు ఆపుతారు. సెలవంటారా, మాకు సెలవంటే జీతం లేని రోజు. మీది బద్ధకం కాదు లెండి. బద్ధకస్తులు పదకొండింటికి పేపర్లు దిద్దరు.

కోడర్_మాదాపూర్:

ఐటీలో మేమూ హైబ్రిడే కదండీ. వారంలో సగం ఇంట్లోనే ఉంటూ టెన్షన్ అంటే ఎలా? కెమెరా ఆపేసి పని చేసుకోవడమే.

గుంటూరు_ఇంగ్లిష్_మేడమ్:

తమ్ముడూ, మీటింగులో నువ్వు మ్యూట్‌లో ఉన్నా కోడ్ ముందుకు పోతుంది. నా క్లాసులో అందరూ మ్యూట్‌లో ఉంటే ఇక అక్కడ జరిగేదేమీ లేదు. వాళ్లు మాట్లాడటమే నా పాఠం.

జర్మన్_క్లాస్_హైదరాబాద్:

మేడమ్, ముప్పై ఏళ్లుగా జర్మన్ చెబుతున్నాను, కాబట్టి కాస్త చొరవ తీసుకుంటున్నా.

బర్నవుట్‌ని డబ్ల్యూహెచ్ఓ 2019లో ఐసీడీ-11 అనే తన జబ్బుల వర్గీకరణ జాబితాలో చేర్చింది, జబ్బుగా కాదు, ఉద్యోగంలో పుట్టే పరిస్థితిగా. గుర్తులు మూడు చెప్పారు: ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం. పదకొండింటి సంగతి మొదటిది. కండక్టర్ సంగతి రెండోది, నన్నడిగితే భయపడాల్సింది దానికే. సెలవు పెడితే మొదటిది తగ్గుతుంది. పని తీరు మారకపోతే రెండోది తగ్గదు.

హైబ్రిడ్‌లో మనవాళ్లు చేసే పొరపాటు, క్లాసులో చేసేదాన్నే యథాతథంగా తెర మీద చేయబోవడం. నేను ఆన్‌లైన్‌లో అరవై మందితో మాట్లాడించడం మానేశాను. ఆ గంటనే ముక్కలు చేసి, ఆరుగురేసి చొప్పున పిలుస్తాను, ఒక్కో జట్టుకు పది నిమిషాలు. మిగతావాళ్లకు చదివే పని, వినే పని ఇస్తాను. ఆరుగురే ఉంటే కెమెరాలు అడక్కుండానే ఆన్ అవుతాయి, సిగ్గుకొద్దీ అయినా. ఒక్కొక్కరి వంతు వారానికోసారి రాకపోవచ్చు, పర్వాలేదు. రాసే పని మాత్రం క్యాంపస్ రోజుల్లో, క్లాసులో కూర్చోబెట్టి కాగితం మీదే. మీ ఫైనలియర్ వాళ్లు క్యాంపస్‌కు రారు కాబట్టి వాళ్లకు లెటర్ రాసి పంపమనకుండా, రాసినదాన్ని ఆ పది నిమిషాల్లో నోటితో చెప్పమనండి. సొంతంగా రాయనివాడు రెండో ప్రశ్నకే ఆగిపోతాడు.

ఇక లోడు, అంటే వారానికి మీకు లెక్కగట్టే క్లాసు గంటలు. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన అని ఉంది. సాయంత్రం ఎంబీఏ ఆ లెక్కలోకి వస్తోందా, బయట ఉందా? ముందు అది తేల్చుకోండి. 40 శాతం ఆన్‌లైన్‌లో చెప్పొచ్చని 2021లో యూజీసీ నోట్ ఇచ్చింది నిజమే. అది సిలబస్ గురించి. టీచరు రాత్రంతా వాట్సాప్‌లో దొరకాలని అందులో లేదు. నోటిమాటగా చెబితే 'అలాగే మేడమ్, చూద్దాం' అంటారు. కాగితం మీద పెట్టండి, యాంకరింగ్ స్క్రిప్టుతో సహా.

నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన తిండి కూడా సహించకపోవడం లాంటివి ఉంటే మాత్రం దీన్ని ఉద్యోగం గొడవ అని వదిలేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు.

గుంటూరు_ఇంగ్లిష్_మేడమ్:

నిద్ర పడుతోందండీ, తెల్లవారాక లేవాలనిపించకపోవడమే. ఎంబీఏ బ్యాచ్ లోడులో లేదు, 'అడిషనల్ రెస్పాన్సిబిలిటీ' అట. ఆరుగురి పద్ధతి ఈ గురువారం నుంచే మొదలుపెడతాను. లోడు గురించి హెచ్ఓడీ గారికి రాసివ్వడానికి ఎవరి దగ్గరైనా ఫార్మాట్ ఉందా?

ఓరుగల్లు_తెలుగు_సార్:

నా దగ్గర ఎక్సెల్ ఉంది మేడమ్, మెసేజ్ చేయండి పంపిస్తాను. బిల్లుల కోసం పడిన పాట్లలో తయారైంది. అందులో సన్మాన పత్రాలకు ఒక కాలమ్ ఉంది, దాన్ని ప్రెస్ నోట్ అని మార్చుకోండి.