బిల్లీ గిబ్బన్స్‌లా తక్కువ నోట్లతో బ్లూస్ వాయించడం ఎలా? (చర్చ)

కొత్తతీగ:
పెంటాటోనిక్ స్కేలు (ఐదు స్వరాల వరస) గిటారు మెడ మీద ఐదు పొజిషన్లూ నోటికి వచ్చేశాయి. అయినా సోలో ఎత్తుకుంటే ఎక్కం అప్పజెప్పినట్టే ఉంటోంది. మా డ్రమ్మరన్న జీ జీ టాప్ అనే అమెరికన్ బ్యాండుని వినమన్నాడు. అందులో గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్, ఆ గడ్డాలాయన, వాయించే నోట్లు చాలా తక్కువ. ట్యాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో అంకెలతో రాసింది) చూసి అవే వాయిస్తున్నా ఆ సౌండ్ రావట్లేదు. ఆయన వాయించే తీరు కూర్చుని నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

హ్యూస్టన్_రాజు:
1973లో వచ్చిన ‘త్రెస్ ఓంబ్రెస్’తో మొదలుపెట్టండి. ‘లా గ్రేంజ్’ అందులోదే. నేనుండే ఊళ్ళో కారులో క్లాసిక్ రాక్ స్టేషన్ పెడితే ఎప్పుడో ఒకప్పుడు అది రావలసిందే. ఎంతైనా వాళ్ళ సొంతూరు కదా!

గిబ్బన్స్ 1949లో హ్యూస్టన్‌లోనే పుట్టాడు. వాళ్ళ నాన్న ఆర్కెస్ట్రా నడిపిన సంగీతకారుడు. కుర్రాడికి పదమూడో ఏట గిబ్సన్ మెలొడీ మేకర్ గిటారు, చిన్న ఫెండర్ ఆంప్లిఫయరు వచ్చాయి. టీనేజీ దాటకముందే మూవింగ్ సైడ్‌వాక్స్ అనే బ్యాండు పెట్టి, 1968లో జిమీ హెండ్రిక్స్ షోలకు ముందు వాయించాడు. 1969లో జీ జీ టాప్. మరుసటి ఏటికల్లా డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్ ఇద్దరూ చేరాక ఆ ముగ్గురూ 2021లో హిల్ పోయేదాకా విడిపోలేదు. యాభై ఏళ్ళు ముగ్గురు మగాళ్ళు గొడవపడి విడిపోకుండా ఒకే బ్యాండులో ఉండటం గిటారు వాయించడం కంటే కష్టం అంటాను.

పాతక్యాసెట్:
రాజుగారూ, అసలు సంగతి వదిలేశారు. ‘లా గ్రేంజ్’ రిఫ్‌కి (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు ముక్కకి) మూలం పాత బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్. ఆయన 1948లో ‘బూగీ చిల్లెన్’లో వాయించిన ఊపే అది. దాని మీద కోర్టు కేసు కూడా నడిచింది. కొత్తతీగ ముందు హుకర్‌ని వినాలి. ఒక్క కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మీదే పాటంతా నడుపుతాడు, కాలితో తాళం వేస్తూ. అది చెవికెక్కాక గిబ్బన్స్ ఎక్కడ ఆగుతున్నాడో తెలుస్తుంది. ట్యాబులో ఆ ఖాళీలు కనబడవు.

వీణపిల్ల:
నేను చిన్నప్పుడు వీణ నేర్చుకుని తర్వాత గిటారుకి వచ్చాను. నా చెవికి తట్టింది ఇది. గిబ్బన్స్ బెండ్ చేసేటప్పుడు (తీగని పక్కకి లాగి స్వరం పెంచేటప్పుడు) ప్రతిసారీ పై నోటు దాకా వెళ్ళడు. మైనర్ థర్డ్‌ని (సాధారణ గాంధారం) కొంచెం లాగి, మేజర్ థర్డ్ (అంతర గాంధారం) చేరకముందే వదిలేస్తాడు. వీణ మీద తీగ లాగడం అలవాటున్న వేలికి ఇది తొందరగా పట్టుబడుతుంది. మీరు ఎ శ్రుతిలో షఫుల్ (ఊగే లయ) బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని మూడే నోట్లతో వాయించండి. నాలుగోది ముట్టొద్దు. మొదట్లో పిచ్చెక్కుతుంది. ‘లా గ్రేంజ్’ సోలో దగ్గర శ్రుతి ఎ నుంచి సి కి మారుతుందని మర్చిపోకండి. అక్కడే చాలామంది తడబడతారు.

వైజాగ్_వైబ్రాటో:
బ్రో, స్ట్రింగ్స్ మార్చి చూడు. ఒకప్పుడు ఆయన కూడా లావు తీగలే వేసేవాడట. బ్లూస్ దిగ్గజం బి.బి. కింగ్ ఆయన గిటారు పట్టుకుని చూసి, ఎందుకింత కష్టపడుతున్నావని అడిగాడని గిబ్బన్సే ఇంటర్వ్యూల్లో చెబుతాడు. ఇప్పుడాయన వేసేది .007 (సెట్టులో అన్నిటికంటే సన్న తీగ మందం, అంగుళాల్లో). మనకి ఆ సెట్టు దొరకడం కష్టం కానీ 8 (.008) దొరుకుతుంది. నేను 10 నుంచి 8కి వచ్చాను. బెండ్లు వెన్నలా వస్తున్నాయి, కానీ గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. కార్డులు పట్టేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉండాలి. ఇంకోటి, నట్ (మెడ చివర తీగలు కూర్చునే పట్టీ) గాళ్ళు 10కి కోసినవైతే సన్న తీగ అందులో అటూ ఇటూ కదిలి మోగుతుంది. ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) కూడా కాస్త వదులు చేయించాలి. మా దగ్గర ఒక షాపులో ఇవేవీ చూడకుండా తీగలు మాత్రం మార్చి పంపేశారు, వారం రోజులు తీగల బజ్ (గరగర) తో చచ్చాను.

డిస్టార్షన్_దొర:
మీరంతా బ్లూస్ బ్లూస్ అంటున్నారు. 1983లో ‘ఎలిమినేటర్’ ఆల్బం తీసింది ఈయనే కదా? డ్రమ్ మెషీను, సింథసైజర్లు, వీడియోల్లో ఎర్ర కారు, ఎమ్‌టీవీ. ఒక్క అమెరికాలోనే కోటి దాటి అమ్ముడుపోయింది. హుకర్ శిష్యుడు అలా చేస్తాడా?

పాతక్యాసెట్:
దొరా, ఆ రికార్డులో డ్రమ్స్ వదిలేసి ఒక్క గిటారు మాత్రం విను. అవే పించ్ హార్మోనిక్స్ (కీచుమనే స్వరాలు), అవే మూడు నోట్లు. కింద ఇల్లు మారింది, మనిషి మారలేదు. నాకూ ఆ సింథ్ సౌండ్ నచ్చదు, అది వేరే విషయం. 1988లో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పెరిగిన గుడిసె చెక్కతో గిటారు చేయించి, మిసిసిపీ రాష్ట్రంలో క్లార్క్స్‌డేల్‌లోని డెల్టా బ్లూస్ మ్యూజియంకి ఇచ్చినవాడు గిబ్బన్సే. మ్యూజియానికి నిధులు పోగుచేయడానికి దాన్ని ఊరూరా తిప్పారు. ‘ఎలిమినేటర్’ డబ్బు ఎటు పోయిందో నాకైతే తెలిసినట్టే ఉంది. 2018లో మళ్ళీ సోలోగా బ్లూస్ ఆల్బమే తీశాడు, అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు.

డిస్టార్షన్_దొర:
గిటారు మాత్రం వింటాను. సింథ్ మీద నా మాట నాదే.

కొత్తతీగ:
అందరికీ థాంక్స్. మూడు నోట్ల పద్ధతి మొదలుపెట్టాను, పిచ్చెక్కుతున్న మాట నిజం. ఇంకో డౌట్: ఆ కీచుమనే పించ్ హార్మోనిక్ నాకు పదిసార్లకి ఒకసారే పలుకుతోంది. ఆయన పిక్‌గా (తీగ మీటే బిళ్ళగా) మెక్సికన్ పెసో నాణెం వాడతాడని విన్నాను. దానివల్లనా?

వైజాగ్_వైబ్రాటో:
నాణెం అంచు గరుకు తీగని గీరుతుంది, నిజమే. నేను పాత పావలా బిళ్ళతో ప్రయత్నించాను, సౌండ్ సూపర్. కానీ .008 తీగ మీద వద్దు, తెగొచ్చు. హార్మోనిక్‌కి నాణెం అక్కర్లేదు. పిక్ కొన మాత్రం బయటికి కనబడేట్టు పట్టుకో. తీగ కొట్టిన వెంటనే బొటనవేలి అంచు తీగకి తగిలి వదిలేయాలి. కుడిచేతిని బ్రిడ్జి, నెక్ పికప్‌ల (తీగ మోత పట్టే భాగాల) మధ్య కొద్ది కొద్దిగా జరుపుతూ పలికే చోటు వెతుకు. ఒక ఫ్రెట్‌కి (మెడ మీది మెట్టుకి) దొరికిన చోటు ఇంకో ఫ్రెట్‌కి పనిచేయదు. ఆంప్లిఫయర్‌లో గెయిన్ (సౌండ్ చీల్చే మీట) కాస్త పెంచు, మూడో తీగ ఐదో ఫ్రెట్‌తో మొదలుపెట్టు.