సిరంజీల పొక్లెయిన్ గడ్డకట్టింది, నీళ్లకు బదులు ఏం పోయాలి?

గరాజ్_మేస్త్రి (విన్నిపెగ్)

అందరికీ కెనడా నుంచి నమస్కారం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఈ సంక్రాంతి బొమ్మల కొలువులో పొక్లెయిన్ పెట్టాలని పట్టు పట్టింది. మంచు తోసే గ్రేడర్ మా వీధిలోకి వచ్చినప్పుడల్లా కిటికీకి ముక్కు ఆనించి చూస్తుంది. పోతూ పోతూ అది మా డ్రైవ్‌వేకి అడ్డంగా మోకాలెత్తు మంచుగట్టు వేసి పోతుంది. పార పట్టుకుని తవ్వేది నేను, చప్పట్లు దానికి!

దయచేసి ఎవరూ జేసీబీ అనకండి. జేసీబీకి నాలుగు చక్రాలు, ముందొక బకెట్, వెనకొక చెయ్యి. ఇది చైన్ల మీద నడుస్తుంది, పైభాగం చుట్టూ తిరుగుతుంది. మా నాన్న కాలవ పనుల్లో పొక్లెయిన్ ఆపరేటరు. ఈ తేడా తెలియనివాడికి మా ఇంట్లో అన్నం పుట్టేది కాదు.

అట్టపెట్టె, ఐస్‌క్రీమ్ పుల్లలు, మూడు జతల సిరంజీలు, మధ్యలో సన్న ప్లాస్టిక్ ట్యూబులు. బూమ్‌కి (బండి నుంచి పైకి లేచే పెద్ద దూలం) 20 ఎం.ఎల్., చేతికీ బకెట్‌కీ 10. మనం నొక్కే వైపు అన్నీ 10వే. లోపల రంగునీళ్లు. బ్రహ్మాండంగా పనిచేసింది. పసుపు స్ప్రే కొట్టాక వాసనకి మా ఆవిడ ఇంట్లో ఉండనివ్వలేదు, రాత్రికి గరాజ్‌లో పెట్టాను. ఆ రాత్రి మైనస్ 31. పొద్దున చూస్తే 10 ఎం.ఎల్. సిరంజీల పిస్టన్లు కొంచెం బయటికి జరిగాయంతే, బూమ్ సిరంజీ మాత్రం నిలువునా చీలింది. బూమ్ పైకీ కిందకీ కదలకుండా పుల్ల అడ్డం పెట్టి ఉంచాను, అదేమైనా కారణమా? రంగు కూడా ముడతలు పడింది.

పండక్కి తొమ్మిది రోజులే ఉంది. కొబ్బరినూనె పొయ్యమంటోంది మా అత్తగారు.

పద్మక్క_ఎడ్మంటన్

తమ్ముడూ, మీ అత్తగారు ఇంకా కాకినాడ వాతావరణంలోనే ఉన్నారు. కొబ్బరినూనె 24 డిగ్రీలకే పేరుకుంటుంది, ఇక్కడ వంటగది అలమారలోనే చెంచాతో గీరుకోవాలి.

మందుల షాపులో గ్లిజరిన్ కొను. తూకం ప్రకారం సగం గ్లిజరిన్, సగం నీళ్లు కలిపితే సుమారు మైనస్ 23 దాకా తట్టుకుంటుంది, నీకది చాలదు. రెండొంతులు గ్లిజరిన్, ఒక వంతు నీళ్లు అయితే మైనస్ 40 దాటినా గడ్డకట్టదు. కాకపోతే పాకంలా చిక్కగా ఉంటుంది, సన్న ట్యూబులో పాప వేళ్లకి బరువే. ట్యూబు కాస్త లావుది, సిలికాన్‌ది వెయ్యి. మామూలు ప్లాస్టిక్‌ది ఆ చలికి కర్రలా బిగుస్తుంది.

కారులో పోసే యాంటీఫ్రీజ్ జోలికి మాత్రం వెళ్లకు. అందులో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలున్న ఇల్లు.

డీజిల్_బాబాయ్ (నంద్యాల)

పుల్లే కారణం బాబూ. సన్న ట్యూబులో నీళ్లు ముందు గడ్డకట్టి బిరడా బిగించినట్టు అయ్యుంటాయి. తరవాత సిరంజీలో నీళ్లు గడ్డకట్టాయి. నీళ్లు మంచయితే నూటికి తొమ్మిది వంతులు పెరుగుతాయి. చిన్నవాటికి పిస్టన్ జరిగే చోటుంది, దీనికి వెనక పుల్ల, ముందు మంచు. చీలక ఏం చేస్తుంది? మీ నాన్నగారిని అడిగినా ఇదే చెప్తారు: బండి ఆపేటప్పుడు బూమ్ దించి, బకెట్ నేలకి ఆనించాలి.

నిజం బండిలో ఉండేది ఆయిలే గానీ మీరు పొయ్యకండి. సిరంజీ లోపలి రబ్బరు నూనెకి ఉబ్బి పట్టేస్తుంది. గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. బుడగుంటే నొక్కిన బలమంతా దాన్ని నలపడానికే పోతుంది.

గరాజ్_మేస్త్రి (విన్నిపెగ్)

అయ్యో బాబాయ్, నాన్నకి ఫోన్ చేస్తే అక్షరం పొల్లుపోకుండా అదే అన్నారు. పైన రెండు తిట్లు అదనం.

అక్కా, రెండొంతుల పాకమే పోశాను. ట్యూబు మార్చాను. పెద్ద సిరంజీ వల్ల బూమ్ సగం దూరమే లేస్తుంది, కానీ నొక్కిన బలం ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువే అవుతుంది కాబట్టి దాన్నే ఉంచాను. ఇంకో తంటా: సూపర్ గ్లూ అసలు పట్టడం లేదు, పొద్దున అంటిస్తే మధ్యాహ్నానికి ఊడుతోంది.

పద్మక్క_ఎడ్మంటన్

హీటర్‌తో ఇంట్లో గాలి ఎండిపోయి ఉంటుంది. ఆ గ్లూ గట్టిపడేది తేమతోనే. అంటించే చోట నోటితో ఒకసారి ఆవిరి ఊది, అప్పుడు పూసి నొక్కు. రంగు మళ్లీ కొడితే డబ్బా మీద రాసిన వేడి చూసుకుని కొట్టు, చల్లటి గరాజ్‌లో వద్దు.

గరాజ్_మేస్త్రి (విన్నిపెగ్)

భోగి సాయంత్రం రాస్తున్నాను. కొలువులో మూడో మెట్టు మీద, కొండపల్లి ఎడ్లబండి పక్కన నిలబడింది. ముడతల రంగు అలాగే వదిలేశాను, పనిచేసిన బండిలా ఉంది. భోగిపళ్లకి ఇక్కడ రేగిపళ్లు దొరకలేదు, క్రాన్‌బెర్రీలు తెచ్చాం. అమ్మాయి పొక్లెయిన్‌ని బల్ల మీదకి మార్చి, కింద కూర్చున్న తమ్ముడి తల మీద బకెట్‌తో పోసింది. విడతకి నాలుగే పడుతున్నాయి. వాడు కదలకుండా పది నిమిషాలు కూర్చున్నాడు, అదే వింత. బకెట్ జత దగ్గర కొంచెం కారుతోంది, కింద పాత తువ్వాలు వేశాం.