మాలపల్లి అయ్యింది, తర్వాత వేయిపడగలేనా?

రైలుబండి: ఉన్నవ వారి మాలపల్లి పూర్తిచేశాను. సంగదాసు చావు దగ్గర కొన్నాళ్లు పుస్తకం ముట్టలేకపోయాను. ఇప్పుడు ఇంట్లో వేయిపడగలు, అసమర్థుని జీవయాత్ర ఉన్నాయి. ఏది ముందు?

పాతఅట్ట: ఇందులో అడగడానికేముందండీ, వేయిపడగలే. మొదట్లో కాస్త ఓపిక పట్టండి. సుబ్బన్నపేటలో, ధర్మానికి గుర్తైన వేయిపడగల పాముకి ఒక్కో పడగా పోతుంటే ఊరికి ఏమేం దూరమవుతోందో చూపిస్తారు విశ్వనాథ సత్యనారాయణ. పీవీ నరసింహారావు గారంతటివారు కూర్చుని హిందీలోకి తెచ్చిన నవల.

మెట్టపొలం: గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర చదవండి. సీతారామారావు లాంటివాడు మన చుట్టాల్లో కూడా ఉంటాడు. వేయిపడగలు 29 రోజుల్లో చెప్పి రాయించిందంటారు. ఆ తొందర తెలిసిపోతుంది. కథానాయకుడు ధర్మారావు నోరు తెరిస్తే ఉపన్యాసమే.

పాతఅట్ట: 29 రోజుల్లో రాస్తే తప్పేంటి? 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతి వచ్చిన నవల అది.

మెట్టపొలం: ఆ బహుమతి అడివి బాపిరాజు నారాయణరావుకూ కలిపి ఇచ్చారు. మరి దాన్ని చదవమని ఎందుకు చెప్పరు?

కొబ్బరాకు: రావిశాస్త్రి అల్పజీవి ఎవరూ అనరేం? చిన్న నవల, సుబ్బయ్య భయం మాత్రం మనల్ని వదలదు.

పాతఅట్ట: నారాయణరావు బాగుండదని నేనన్నానా? 29 రోజులని మొదలెట్టింది మీరు. నెల తిరక్కుండా అంత పుస్తకం చెప్పగలిగాడంటే ఆ మనిషి బుర్రలో ఎంత ఉండాలి! మీ కోపం పుస్తకం మీద కాదు, రాసినాయన మీద.

మెట్టపొలం: సరే, కోపమే. డిగ్రీలో మా తెలుగు మాస్టారు "వేయిపడగలు చదవనివాడికి తెలుగు రానట్టే" అని నా వైపు చూసి అనేవారు. పంతం పట్టి లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాను. మావాళ్లు ఎక్కడున్నారా అని వెతుక్కుంటూ చదివాను. ఎవరి చోట వాళ్లుండటమే ధర్మం అన్నట్టు సాగుతుంది కథ. మా తాతకి అలాంటి ఊళ్లో ఏ చోటు ఇచ్చేవారో నాకు తెలుసు. ఆ ఊరు పోతోందని నన్నెలా ఏడవమంటారు? మాలపల్లిలో రామదాసు ఇంటికైతే నేను తిన్నగా నడిచి వెళ్లగలను.

పాతఅట్ట: మాది అర్చకుల ఇల్లండీ. మాన్యం పోయింది, నాన్న టౌన్లో కిరాణా కొట్లో పద్దులు రాసి మమ్మల్ని పెంచారు. సాయంత్రం ఇంటికొచ్చి, వేళ్లకి సిరా మరకలుండగానే సంధ్యావందనానికి కూర్చునేవారు. ధర్మారావు బాధ నాకు సిద్ధాంతం కాదు, మా నాన్న ముఖం. మీ తాత గురించి మీరన్నది కాదనను. అలాగని మా నాన్న గురించి ఉన్న ఒక్క పుస్తకాన్ని పక్కన పెట్టమంటే ఒప్పుకోను.

మెట్టపొలం: పక్కన పెట్టమనలేదు. తెలుగువాళ్లందరి ఊరూ అదేనని మాత్రం అనొద్దు. మాలపల్లి 1922లో వస్తే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దాన్ని చదవనివాడికి తెలుగు రాదని ఏ మాస్టారూ నాతో అనలేదు.

కొబ్బరాకు: ఇది మొదటే చెప్పుంటే 29 రోజుల గొడవ ఉండేది కాదు కదా.

రైలుబండి: ఇద్దరికీ థాంక్స్. మాలపల్లి ఇంకా మనసులో ఉండగానే వేయిపడగలు మొదలుపెడతాను. మెట్టపొలం గారూ, మీరు ఎక్కడి దాకా చదివి ఆపేశారు?

మెట్టపొలం: ఆపలేదండీ. ఆఖరి పేజీ దాకా చదివాను.