జాన్‌స్టన్ జలసంధిలో కయాకింగ్: సోమశిలల ఏం ప్రాక్టీస్ చేయాలె?

పాలమూరు_తెడ్డు: ఆగస్టుల నలుగురం కెనడాలోని వాంకోవర్ దీవికి పోతున్నం, జాన్‌స్టన్ జలసంధి దాని పక్కనే. గైడుతోని 4 రోజుల సీ కయాకింగ్ (సముద్రంల తెడ్డుతోని నడిపే సన్నటి పడవ), ఓర్కాలను (నలుపు-తెలుపు కిల్లర్ వేల్స్) చూసుడు. అందరికీ ఈత వస్తది. సోమశిల బ్యాక్‌వాటర్‌ల ముందు ఏం నేర్చుకోవాలె?

కృష్ణా_గట్టు: ఫస్టు వెట్ ఎగ్జిట్, అంటే తలకిందులైన కయాక్‌లకెళ్లి నీళ్లల్లనే బయటికొచ్చుడు. కయాక్ బోర్లా పడంగనే ముందుకు వంగి, స్ప్రే స్కర్ట్ (నడుముకు కట్టుకొని, నీళ్లు లోపలికి రాకుండ కూసునే చోటును మూసే గుడ్డ) పట్టీని ముందుకు తోసి పైకి గుంజాలె. తర్వాత తుంట్ల పక్కన చేతులు పెట్టి తోసుకుంటే బయటపడతరు. పట్టీ లోపలికి మడతపడితే నీళ్లల్ల దొరకదు, అందుకే కూసున్న ప్రతిసారి అది బయటున్నదా చూడండి. నేర్పేటోళ్లు పక్కన లేకుండ చేయొద్దు. మొసళ్లు తిరగని చోటేదో జాలర్లను అడగండి.

నల్లమల_నీళ్లు: అసలు తేడా చలి. అక్కడ ఎండకాలంల గూడ నీళ్లు 10 డిగ్రీలకు అటుఇటే. పడంగనే ఊపిరి ఎగబీలుస్తది, ఆ నిమిషం లైఫ్ జాకెట్టే కాపాడతది. జీన్స్, కాటన్ బట్టలు వద్దు, ఉన్ని లేదా సింథటిక్ మంచిది.

ఓర్కాలకు 200 మీటర్ల దూరం ఉండాలె. అవే దగ్గరికొస్తే తెడ్లు ఆపి, అందరు ఒడ్డు పక్కన గుంపుగ ఉండండి. రాబ్సన్ బైట్‌లకు పోనియ్యరు. అవి గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకునే చోటు అది, 1982 నుంచి రక్షిత ప్రాంతం.

పాలమూరు_తెడ్డు: క్యాంపుల మామిడికాయ తొక్కు పెట్టుకోవచ్చునా?

కృష్ణా_గట్టు: టెంటుల మాత్రం పెట్టొద్దు. ఆ అడవిల నల్ల ఎలుగుబంట్లు ఉంటయి. తొక్కు, టూత్‌పేస్ట్, వాసనొచ్చేదేదైనా గైడు చూపెట్టిన పెట్టెలనే.