ఇంటి గుట్టు, ఊరి రచ్చ: ఒక అనువాద ప్రశ్న

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. అమెరికాలో ఒక మహానగరాన్ని ఆనుకొని ఉన్న చిన్న పట్టణంలో జరిగే అపరాధ పరిశోధక కథను తెలుగు చేస్తున్నాను. ఆ ఊరికి హైస్కూలు ఫుట్‌బాల్ జట్టే ప్రాణం. ఆ జట్టు కుర్రాళ్లు చేసిన ఒక దారుణాన్ని ఊరంతా కలిసి ఏళ్ల తరబడి దాచిపెడితే, బయటి నుంచి వచ్చిన పరిశోధకురాలు దాన్ని వెలికితీస్తుంది. ఆ దాచిపెట్టిన సంగతిని సూచించే చోటల్లా నేను ‘చీకటి రహస్యం’ అని రాశాను. చిత్తుప్రతి చదివిన ఇద్దరు మిత్రులూ అది తెలుగులా వినిపించడం లేదన్నారు. దాని బదులు ‘గుట్టు’ అనవచ్చునా?

జవాబు

మీ మిత్రులు సరిగానే పట్టుకున్నారు. తెలుగులో చీకటి అనే మాట చేసిన పనికి అతుకుతుంది గాని దాచిన సంగతికి అతకదు. చీకటి బజారు, చీకటి ఒప్పందం, చీకటి తప్పు అంటాము. అవన్నీ పదిమంది కంటపడకుండా ఎవరో చేసిన పనులు. రహస్యం చేసేది కాదు, ఉంచుకునేది. పైగా రహస్యమంటేనే వెలుగులోకి రానిది కనుక, దానికి ముందు చీకటిని చేరిస్తే చెప్పిందే మళ్లీ చెప్పినట్టవుతుంది. ఆ జంట పదాన్ని వదిలేయండి.

ఇక గుట్టు దగ్గర కొంతసేపు ఆగాలి. గుట్టు అంటే ఇతరులకు తెలియని సంగతి మాత్రమే కాదు; తెలియకూడదని పరువు కోసం కాపాడుకునే సంగతి. ‘ఆవిడ గుట్టుగా సంసారం నెట్టుకొచ్చింది’ అన్నప్పుడు ఆ మాటలో మెప్పు ఉంది. ఇంట్లో బియ్యం ఉన్నాయో నిండుకున్నాయో ఇరుగుపొరుగుకు తెలియనివ్వకుండా, ఎవరి ముందూ చేయి చాచకుండా బతికిందని అర్థం. అదే వాక్యంలో ‘గుట్టుగా’ తీసి ‘రహస్యంగా’ అని పెట్టి చదవండి. మెప్పు పోయి అనుమానం వచ్చి కూర్చుంటుంది. మర్మం దారి వేరు. దెబ్బ తగిలితే ప్రాణం పోయే చోటు మర్మస్థానం కనుక, ఆ మాట వినగానే శత్రువు చేతికి చిక్కకూడని బలహీనత స్ఫురిస్తుంది గాని పరువు స్ఫురించదు.

ఈ తేడా మీ కథకు ప్రాణం వంటిదని నేను ఎందుకంటున్నానో చెప్పాలంటే, అటువంటి ఊళ్లను ఒకసారి తలచుకోవాలి. డల్లాస్‌కు ఉత్తరాన, మన తెలుగువారు కూడా స్థిరపడిన ఆలెన్ పట్టణంలో, హైస్కూలు జట్టు ఆడుకోవడానికి దాదాపు 6 కోట్ల డాలర్ల ఖర్చుతో 18,000 మంది కూర్చునే స్టేడియం కట్టి 2012లో తెరిచారు. అందుకు కావలసిన అప్పుకు ఊరి ఓటర్లే సమ్మతించారు. రెండేళ్లు తిరగకముందే కాంక్రీటు పగుళ్లిచ్చి, 2014లో దాన్ని మూసి, మరమ్మతు చేసి, 2015లో మళ్లీ తెరవవలసి వచ్చింది. అయితే కాంక్రీటు పగిలితే మూసి బాగుచేసుకోవచ్చు. పగులు మనుషుల్లో వచ్చినప్పుడు ఊరు ఏం చేస్తుందో న్యూజెర్సీలోని గ్లెన్ రిడ్జ్ చూపించింది. న్యూయార్క్‌కు దగ్గరలో కలిగినవారు ఉండే ఆ చిన్న పట్టణంలో, 1989 మార్చిలో, హైస్కూలు క్రీడాకారులు కొందరు మేధోవైకల్యం ఉన్న ఒక అమ్మాయిపై లైంగిక దాడి చేశారు. ఆమె వారికి చిన్నప్పటి నుంచీ తెలిసిన పిల్ల. సంగతి పోలీసుల దాకా వెళ్లడానికే వారాలు పట్టింది. వెళ్లిన తరువాత కూడా ఊళ్లో ఎంతోమంది, మైదానంలో తమ పేరు నిలబెట్టిన కుర్రాళ్ల భవిష్యత్తు పాడవుతుందని బాధపడ్డారు. 1993లో గాని న్యాయస్థానం నలుగురిని దోషులుగా తేల్చలేదు.

గ్లెన్ రిడ్జ్‌లో ఆ కుర్రాళ్లను వెనకేసుకొచ్చిన పెద్దవాళ్లు మన భాషలో మాట్లాడి ఉంటే ఏమనేవారు? ‘ఊరి గుట్టు’ అనే అనేవారని నా నమ్మకం. తాము దాస్తున్నది నేరమని వాళ్లు అనుకోలేదు; ఊరి పరువును కాపాడుతున్నామని అనుకున్నారు. గుట్టు అనే మాటలో ఉన్న మర్యాద సరిగ్గా అక్కడ పనిచేస్తుంది, అక్కడే ప్రమాదం కూడా తెస్తుంది. కాబట్టి కోచ్ నోట, జట్టు కుర్రాళ్ల తల్లిదండ్రుల నోట, ప్రిన్సిపాల్ నోట ఆ మాటను తప్పకుండా వాడండి. కథ చెప్పే గొంతు మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. ఆ గొంతు ‘నేరం’ అనాలి, ‘దాచిన నేరం’ అనాలి. రచయిత స్వరంలో ఒక్కసారి ‘గుట్టు’ దొర్లినా, దెబ్బతిన్న పిల్ల పక్కన నిలబడవలసిన వాక్యం ఊరిపెద్దల పక్కకు చేరిపోతుంది.

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెతను ఈ దృష్టితో చూడండి. లోపలి సంగతులు తెలిసిన విభీషణుడు అవతలి పక్షానికి చేరడంతో లంక కూలిందని దాని భావం. తప్పు చేసినవాడు రావణుడు. ధర్మం పక్షాన నిలిచినవాడు విభీషణుడు. అయినా సామెత జాలిపడేది లంక మీద, వేలెత్తి చూపేది నోరు విప్పినవాడి మీద. మీ కథలో జట్టులోని ఒక కుర్రాడు చివరికి సాక్ష్యం చెబుతాడేమో నాకు తెలియదు గాని, అటువంటి పాత్ర ఉంటే అతని తండ్రి అనవలసిన మాట ఇదే.

మరొక మాట మీకు అక్కరకొస్తుంది: రచ్చ. ఊరి నడుమ నలుగురూ కూడే చోటు రచ్చ. రచ్చబండలో ఉన్నది ఆ అర్థమే. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అంటాము, ‘పరువు రచ్చకెక్కింది’ అనీ అంటాము. గెలుపుకూ అప్రతిష్ఠకూ మన భాష ఒకే చోటు చూపించింది. శుక్రవారం రాత్రి దీపాల వెలుగులో ఊరంతా మెట్ల మీద కూర్చుని ‘మన కుర్రాళ్లు’ అని కేకలు వేసే ఆ స్టేడియమే ఆ ఊరి రచ్చ. అక్కడ గెలవాలన్న తపన, అక్కడికి ఎక్కరాదన్న భయం ఒకే గుండెలో ఉంటాయి. మూలంలో ఈ జోడింపు ఉండే అవకాశం లేదు. తెలుగు అనువాదానికి దొరికే అదృష్టమిది, వదులుకోవద్దు. ఈ తరం పిల్లలు రచ్చ అంటే గోల అనే అర్థంలోనే ఎక్కువగా వాడుతున్నారు కనుక, మొదటిసారి వాడేటప్పుడు వాక్యంలోనే పాత అర్థం తెలిసేటట్టు చూసుకోండి.

ప్రతిస్పందన

అయ్యా, మీ వివరణ బాగుంది గాని ఒక సందేహం. ‘నకిలీ విత్తనాల ముఠా గుట్టు రట్టు’ అని పత్రికలలో తరచూ చూస్తుంటాము. ఆ ముఠాకు పరువేమిటి, మర్యాదేమిటి? వాడుకలో గుట్టుకు మీరు చెప్పిన మెప్పు ఎప్పుడో పోయిందనిపిస్తోంది.

జవాబు

మీ అభ్యంతరంలో బలముంది, కొంత ఒప్పుకుంటాను. పత్రికా శీర్షికల్లో గుట్టు, రట్టు ప్రాస కోసం కలిసి నడుస్తాయి. ఆ జంటలో గుట్టుకు సొంత రుచి మిగలలేదన్నది నిజమే. అయితే రట్టును విడదీసి చూడండి. ‘గుట్టుగా బతకడం’, ‘గుట్టు చప్పుడు కాకుండా పెళ్లి చేసేశారు’, ‘వాళ్ల గుట్టుమట్లన్నీ నాకు తెలుసు’ అన్న వాడుకల్లో మొదటిదానిలో మెప్పు నిండుగా ఉంది, రెండోదానిలో నిష్ఠూరం కలిసింది, మూడోదానిలో బెదిరింపు వినబడుతుంది. మాట చచ్చిపోలేదు, ఎవరు, ఎవరి గురించి అంటున్నారన్నదాన్ని బట్టి రంగు మారుతోంది. సంభాషణల్లో వాడుకొమ్మని నేను చెప్పడానికి కారణం కూడా అదే. ‘గుట్టు రట్టు’ను మాత్రం మీ పుస్తకంలో ఎక్కడా రానివ్వకండి, చదువరికి వెంటనే పొద్దుటి పత్రిక గుర్తొస్తుంది.

పరిశోధకురాలి పనికి కావలసిన క్రియలు మనకు బోలెడున్నాయి: ఆరా తీయడం, కూపీ లాగడం, జాడ పట్టడం. వీటిలో ‘కూపీ లాగింది’ అన్నది, ఎవరూ నోరు విప్పని ఊళ్లో ఒక్కొక్క పోగునూ పట్టుకుని లాగే ఆమె ఓర్పుకు బాగా సరిపోతుంది. ‘కుండ మూతికి మూకుడు పెట్టగలం గాని ఊరి మూతికి పెట్టలేం’ అని మన పెద్దలు అనేవారు. ఆమె వచ్చింది తన మూతికి తానే మూకుడు పెట్టుకున్న ఊరికి. ఆ సామెతను ఆమె మొదటి రోజు అనుభవం చెప్పే చోట తిరగేసి వాడి చూడండి.

మీ ప్రశ్నలోనే ఉన్న మరో చిక్కు: అటువంటి పట్టణాన్ని ‘శివారు పట్టణం’ అని రాయకండి. శివారు అంటే మన చదువరికి రోడ్డు సరిగా లేని, నీళ్లు ఆలస్యంగా వచ్చే ఊరి చివరి కాలనీ కనిపిస్తుంది. మీ కథలోని ఊరు పచ్చిక కత్తిరించిన వాకిళ్ల ఊరు. ‘నగరానికి అరగంట దూరంలో, కలిగినవాళ్లు కట్టుకున్న ఊరు’ అని ఒక్కసారి వర్ణించి, ఆ తరువాత ఊరు అని రాస్తే సరిపోతుంది. ఊరు అంటే స్థలమూ అవుతుంది, అక్కడి జనమూ అవుతారు. మీ కథకు రెండూ కావాలి.